డైనమో కీవ్

డైనమో కీవ్ ఉక్రెయిన్ రాజధాని కీవ్ నగరపు ఫుట్‌బాల్ క్లబ్. 1927 మే 13న ఏర్పడింది. తెలుపు, నీలం దాని రంగులు. సోవియట్ లీగ్‌ను 13 సార్లు గెలిచింది; మాస్కో క్లబ్‌లలో ఏదీ అన్నిసార్లు గెలవలేదు. సోవియట్ కప్పులు 9. స్వతంత్ర ఉక్రెయిన్‌లో 2025 నాటికి 17 లీగ్ టైటిళ్లు, 13 ఉక్రెయిన్ కప్పులు గెలుచుకుంది. 1975లో, 1986లో యూరోపియన్ కప్ విన్నర్స్ కప్, 1975లోనే సూపర్ కప్ కూడా సాధించింది. సోవియట్ యూనియన్ నుంచి యూరప్ స్థాయి ట్రోఫీ గెలిచిన తొలి క్లబ్ ఇదే. అప్పట్లో యూరప్‌లో ఏటా ఉత్తమ ఆటగాడికి ఇచ్చిన బాలన్ డోర్ పురస్కారం ఇక్కడ ఆడుతుండగానే ఇద్దరికి దక్కింది: ఒలెహ్ బ్లోఖిన్‌కు 1975లో, ఇహోర్ బెలానోవ్‌కు 1986లో. ఇక్కడే ఆట నేర్చి ఇటలీ వెళ్లిన ఆంద్రీ షెవ్‌చెంకోకు 2004లో వచ్చింది.

రాజధాని క్లబ్‌లు ప్రపంచమంతటా ఉన్నాయి. చాలాచోట్ల వాటికి అధికారం అండ, డబ్బు, పలుకుబడి పుట్టుకతోనే వస్తాయి. డైనమో కీవ్ సంగతి వేరు. అది పుట్టేనాటికి సోవియట్ ఉక్రెయిన్ రాజధాని ఖార్కివ్. కీవ్‌కు ఆ హోదా 1934లో వచ్చింది. వచ్చాక కూడా 1991 దాకా అది సొంత రాజ్యం లేని రాజధాని. ఎన్నికలు, పత్రికలు, పార్లమెంటు చేయలేని పనిని ఆ అరవయ్యేళ్లూ ఈ జట్టు చేసింది. తామంటూ ఒక జనం ఉన్నామని, మాస్కోను దాని మైదానంలోనే ఓడించగలమని ఉక్రెయిన్ ప్రజలకు ఏటా కళ్లకు కట్టింది. ఈ క్లబ్ చరిత్రను కప్పుల జాబితాగా మాత్రమే చదివితే సగమే తెలుస్తుంది.

పోలీసు శాఖ క్లబ్

డైనమో అన్నది ఒక్క జట్టు పేరు కాదు. 1923లో మాస్కోలో, రహస్య పోలీసు విభాగం అధిపతి ఫెలిక్స్ జెర్జిన్‌స్కీ ఆశీస్సులతో ఆ పేరుమీద ఒక క్రీడా సంఘం మొదలైంది. మాస్కో, తిబిలీసి, మిన్‌స్క్, కీవ్ డైనమోలన్నీ దాని కొమ్మలే. సోవియట్ వ్యవస్థలో ప్రతి క్లబ్‌కూ ఏదో ఒక శాఖ అండ ఉండేది: సైన్యానికి ఒకటి, రైల్వేకు ఒకటి, వాహన కర్మాగారానికి ఒకటి. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు చరిత్ర తెలిసిన తెలుగు పాఠకులకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ఆటగాడికి జీతం శాఖ ఇస్తుంది, ర్యాంకు ఇస్తుంది, అతను మాత్రం మైదానంలోనే డ్యూటీ చేస్తాడు. తేడా ఒక్కటే. సోవియట్ పోలీసు శాఖ అంటే జనానికి భయం. 1933లో ద్నిప్రో నది ఒడ్డున కొండవాలులో కట్టిన డైనమో స్టేడియానికి మొదట ఉక్రెయిన్ రహస్య పోలీసు అధిపతి బలీత్‌స్కీ పేరే పెట్టారు. 1937లో ఆయన్నే అరెస్టు చేసి కాల్చేశారు. స్టేడియం పేరు మారింది. ఇలాంటి పుట్టుక ఉన్న క్లబ్‌ను జనం తమదిగా చేసుకోవడానికి కొంత కాలం, ఒక యుద్ధం పట్టాయి.

1936లో తొలి అఖిల సోవియట్ లీగ్ జరిగినప్పుడు వసంతకాలపు పోటీలో కీవ్ జట్టు మాస్కో డైనమో తర్వాత రెండో స్థానంలో నిలిచింది. ఆ తర్వాత చాలా ఏళ్లు అఖిల సోవియట్ టైటిల్ ఏదీ రాలేదు.

1942 వేసవి

ఖ్రేష్చాతిక్ వీధికి దగ్గర్లో కొత్తగా కట్టిన పెద్ద స్టేడియాన్ని 1941 జూన్ 22న ప్రారంభించాలనుకున్నారు. డైనమోకూ మాస్కో సైనిక జట్టుకూ మ్యాచ్. టిక్కెట్లు అమ్ముడయ్యాయి. ఆ తెల్లవారుజామునే జర్మనీ దాడి మొదలై కీవ్ మీద బాంబులు పడ్డాయి. ఆ ప్రారంభోత్సవం యుద్ధం ముగిశాక గాని జరగలేదు. అయిదేళ్లు దాచుకున్న పాత టిక్కెట్లతోనే కొందరు లోపలికి వచ్చారని కీవ్‌లో చెప్పుకుంటారు.

1941 సెప్టెంబరు 19న నగరం జర్మన్ల వశమైంది. నెల తిరక్కుండానే బాబిన్ యార్ లోయలో రెండు రోజుల్లో 33,771 మంది యూదులను కాల్చిచంపారు. డైనమో ఆటగాళ్లలో కొందరు సైన్యంలో చేరి బందీలయ్యారు. విడుదలై, తిండి లేక తిరుగుతున్న గోల్‌కీపర్ మికోలా త్రుసేవిచ్‌ను రొట్టెల ఫ్యాక్టరీ నడుపుతున్న యోసిఫ్ కోర్దిక్ గుర్తుపట్టాడు. కోర్దిక్ ఫుట్‌బాల్ పిచ్చి ఉన్న మనిషి. అతను త్రుసేవిచ్‌కు పని ఇచ్చి, మిగతావాళ్లను వెతికి తెమ్మన్నాడు. అలా ఫ్యాక్టరీలో ఒక జట్టు తయారైంది. డైనమో నుంచి కొందరు, రైల్వే జట్టు లొకొమోటివ్ నుంచి కొందరు. పేరు 'స్టార్ట్'. దొరికిన చొక్కాలు ఎర్రవి, వాటితోనే ఆడారు.

ఆ వేసవిలో హంగరీ, రొమేనియా, జర్మనీ సైనిక జట్లన్నిటినీ స్టార్ట్ ఓడించింది. ఆగస్టు 6న జర్మన్ విమాన నిరోధక దళాల జట్టు ఫ్లాకెల్ఫ్‌ను 5–1తో ఓడించింది. ఆగస్టు 9న అదే జట్టు మళ్లీ తలపడితే 5–3తో గెలిచింది.

సోవియట్ ప్రచారం చెప్పిన కథ ప్రకారం, ఓడిపొమ్మని ఆటగాళ్లను బెదిరించారు, వాళ్లు వినలేదు, మ్యాచ్ అయిన వెంటనే ఆట దుస్తుల్లోనే నిలబెట్టి కాల్చేశారు. 'మృత్యు మ్యాచ్' అన్న పేరు అలా వచ్చింది. సినిమాలు వచ్చాయి, పేలే నటించిన 'ఎస్కేప్ టు విక్టరీ' దాని దూరపు ఛాయే. జరిగింది అలా కాదు. స్టార్ట్ ఆ తర్వాత ఇంకో మ్యాచ్ కూడా ఆడి గెలిచింది. కొద్ది రోజులకు ఆటగాళ్లను గెస్టాపో పట్టుకెళ్లింది. మికోలా కొరోట్‌కిఖ్ చిత్రహింసలకు చనిపోయాడు. మిగతావారిలో ఎక్కువమందిని బాబిన్ యార్ పక్కనే ఉన్న సిరెత్స్ నిర్బంధ శిబిరానికి పంపారు. 1943 ఫిబ్రవరిలో అక్కడ సామూహిక శిక్షగా కాల్చిచంపినవారిలో త్రుసేవిచ్, ఇవాన్ కుజ్‌మెంకో, ఒలెక్సీ క్లిమెంకో ఉన్నారు. మకార్ హొంచరెంకోతో సహా కొందరు బతికి బయటపడ్డారు. వాళ్ల హత్యకు ఆ మ్యాచే కారణమని రుజువు కాలేదు. జర్మన్ ప్రాసిక్యూటర్ల దర్యాప్తు 2005లో ముగిసిపోయింది.

నా మటుకు నాకు కల్పిత కథ కంటే నిజమే బరువైనది. పేపర్లకు కావలసిన వీరమరణం అందులో లేదు. ఆకలితో ఉన్న మనుషులు, రొట్టెల బస్తాలు మోసే చేతులు, శత్రువు ఆక్రమించిన ఊళ్లో ఆదివారం సాయంత్రం తొంభై నిమిషాల ఆట ఉన్నాయి. బతికి వచ్చినవాళ్లను సోవియట్ అధికారులు చాలాకాలం అనుమానంగానే చూశారు. శత్రు ఆక్రమణలో ఉండి బంతి ఆడటమేమిటని అడిగారు. నలుగురి స్మారక శిల్పం డైనమో స్టేడియం దగ్గర 1971లో వెలిసింది. పోలీసుల క్లబ్‌ను కీవ్ తన క్లబ్‌గా చేసుకున్నది ఈ మనుషుల వల్ల.

మాస్కో గోడ

యుద్ధం తర్వాత సోవియట్ పటంలో చేరిన జకర్‌పాత్యా కొండ ప్రాంతం డైనమోకు పెద్ద బలమైంది. అంతకుముందు చెకోస్లొవాకియాలో, హంగరీలో భాగమైన ఆ ప్రాంతపు కుర్రాళ్లు మధ్య యూరప్ పద్ధతిలో చిన్న చిన్న పాస్‌లతో ఆట నేర్చినవాళ్లు. మిఖైలో కొమాన్, యోజెఫ్ సాబో అక్కడివారే. 1954లో మొదటి సోవియట్ కప్ వచ్చింది.

లీగ్ మాత్రం మాస్కో సొత్తుగానే ఉండేది. 1936 నుంచి ప్రతి టైటిల్‌నూ స్పార్టక్, డైనమో మాస్కో, సైనిక జట్టు, టార్పెడోలే పంచుకున్నాయి. ఆ గోడను పగలగొట్టింది 1961 నాటి డైనమో కీవ్. కోచ్ వ్యాచెస్లావ్ సొలొవ్యోవ్. ఎడమ అంచున పొడవాటి, ఎర్రజుట్టు కుర్రాడు వలెరీ లొబనోవ్‌స్కీ. అతను కొట్టే కార్నర్ కిక్ గాలిలో మెలికతిరిగి గోల్‌లోకి దిగేది; 'ఎండుటాకు' అని దానికి పేరు. మాస్కో బయటి క్లబ్ సోవియట్ చాంపియన్ కావడం అదే మొదలు.

1964లో కోచ్‌గా వచ్చిన విక్టర్ మాస్లోవ్ మాస్కో మనిషే. ఆధునిక ఫుట్‌బాల్‌కు ఇంగ్లండ్, హాలండ్ మాత్రమే జన్మస్థలాలని చెప్పేవాళ్లు ఇతన్ని మరిచిపోతారు. రెక్కల మీద ఆడే ఇద్దరు వింగర్లను తీసేసి మధ్యలో నలుగురిని నింపాడు. ఇవాళ ప్రతి ఊరి జట్టుకూ తెలిసిన 4-4-2 అమరిక అది. బంతి ప్రత్యర్థి కాలిదగ్గర ఉన్నప్పుడు ముగ్గురు నలుగురు ఒకేసారి మీదపడి లాక్కునే 'ప్రెసింగ్'ను పద్ధతిగా మార్చాడు. ఒకే ఆటగాడి చుట్టూ నలుగురు కీవ్ ఆటగాళ్లు మూగిన ఫొటో వేసి, ఇలాంటి ఆట మనకొద్దని ఒక మాస్కో పత్రిక రాసింది. కావాలో వద్దో ఫలితాలు చెప్పాయి: 1966, 1967, 1968 మూడేళ్లూ వరుసగా చాంపియన్లు. 1967 సెప్టెంబరులో, నాలుగు నెలల కిందటే యూరోపియన్ కప్ గెలిచిన సెల్టిక్‌ను గ్లాస్గోలోనే 2–1తో ఓడించి, కీవ్‌లో 1–1తో నిలువరించి, మొదటి రౌండ్లోనే ఇంటికి పంపారు. మాస్లోవ్‌తో పడని లొబనోవ్‌స్కీ అప్పటికే క్లబ్ వదిలి వెళ్లిపోయాడు.

లొబనోవ్‌స్కీ

అతను తిరిగివచ్చింది 1973 చివర్లో, కోచ్‌గా. చదివింది ఇంజనీరింగ్. అంతకుముందు ద్నిప్రోపెత్రోవ్‌స్క్‌లో పనిచేస్తున్నప్పుడు అక్కడి వ్యాయామ విద్యాసంస్థలో అనతోలీ జెలెంత్సోవ్ అనే శాస్త్రవేత్తతో స్నేహం కుదిరింది. ఇద్దరూ కలిసి ఆటను లెక్కగా చూడటం మొదలుపెట్టారు. రెండు వైపులా పదకొండేసి మంది, రెండు వ్యవస్థలు. విడివిడి ఆటగాళ్ల గొప్పతనం కంటే వాళ్ల మధ్య సంబంధాలే గెలుపోటములను నిర్ణయిస్తాయి అన్నది వాళ్ల మూలసూత్రం. ఒక జట్టు చేసే పనుల్లో పొరపాట్లు 15 నుంచి 18 శాతం దాటకపోతే దాన్ని ఎవరూ ఓడించలేరని జెలెంత్సోవ్ లెక్కగట్టాడు. మ్యాచ్ మర్నాడు ప్రతి ఆటగాడూ ఎన్ని పాస్‌లు ఇచ్చాడో, ఎన్ని బంతులు గుంజుకున్నాడో, ఎన్ని పోగొట్టుకున్నాడో గోడమీద కాగితం అంటించేవారు. తెర మీద మెరిసి మాయమయ్యే చుక్కలు చూపించి జ్ఞాపకశక్తి, స్పందన వేగం పరీక్షించేవారు. కంప్యూటర్ అంటే గదినిండా యంత్రాలుండే రోజుల్లో ఇదంతా. నేటి పెద్ద క్లబ్‌లన్నీ గణాంక నిపుణులను పెట్టుకుంటున్నాయంటే, ఆ దారి మొదట వేసినవాళ్లలో కీవ్ ఉంది.

1975 మే 14న బాసెల్‌లో ఫెరెంక్వారోస్‌ను 3–0తో ఓడించి కప్ విన్నర్స్ కప్ గెలిచారు. ఒనిష్చెంకో రెండు, బ్లోఖిన్ ఒకటి కొట్టారు. ఆ శరత్కాలంలో సూపర్ కప్ కోసం బయర్న్ మ్యూనిక్ ఎదురుపడింది. బెకెన్‌బావర్, మ్యూలర్‌ల జట్టు, అప్పటి యూరప్ చాంపియన్. మ్యూనిక్‌లో బ్లోఖిన్ ఒక్కడే బంతి తీసుకుని రక్షణ శ్రేణి మొత్తాన్ని దాటి గోల్ కొట్టాడు. కీవ్‌లో లక్షమంది ముందు ఇంకో రెండు. మొత్తం 3–0, మూడూ అతనివే. కీవ్‌లోనే పుట్టిన బ్లోఖిన్ పేరుపొందిన పరుగుల రాణి కొడుకు. సోవియట్ లీగ్‌లో 211 గోల్స్, జాతీయ జట్టుకు 112 మ్యాచ్‌లు, 42 గోల్స్: ఆ దేశం ఉన్నంతకాలం ఈ రికార్డులను ఎవరూ అందుకోలేదు.

ఈ పద్ధతికి ఒక చీకటి వైపూ ఉంది. పరుగుల శిక్షణ మనుషులను పిండేసేది. 1976లో క్లబ్‌నే జాతీయ జట్టుగా మార్చి లీగ్, యూరప్, ఒలింపిక్స్ అన్నిటికీ వాళ్లనే దింపారు. యూరోపియన్ కప్‌లో సెయింట్ ఎతియెన్ చేతిలో ఓడారు, ఒలింపిక్స్‌లో కాంస్యంతో సరిపెట్టుకున్నారు, చివరికి అలసిన ఆటగాళ్లు కోచ్ మీద తిరగబడ్డారు. సొంతగడ్డ మీద గెలుపు, పరాయి గడ్డ మీద డ్రా అన్న లొబనోవ్‌స్కీ లెక్క టైటిళ్లు తెచ్చింది గాని, చూసేవాళ్లకు విసుగూ తెచ్చింది. డ్రాలు పెరిగిపోవడంతో 1978 నుంచి ఒక పరిమితి దాటిన డ్రాలకు పాయింట్లు ఇవ్వకూడదని సోవియట్ సమాఖ్య నియమం పెట్టాల్సి వచ్చింది.

రాజకీయ అండ లేదనీ చెప్పలేం. 1972 నుంచి 1989 దాకా ఉక్రెయిన్ కమ్యూనిస్టు పార్టీని ఏలిన వొలొదిమిర్ ష్చెర్‌బిత్‌స్కీ డైనమో అభిమాని. రిపబ్లిక్‌లో ఎక్కడ మంచి ఆటగాడు కనిపించినా కీవ్‌కు రప్పించేవారు. ఇతర ఉక్రెయిన్ క్లబ్‌లు అవసరమైనప్పుడు డైనమోకు పాయింట్లు వదిలేసేవన్న ఆరోపణ మాస్కోలోనే కాదు, ఉక్రెయిన్‌లోనూ ఉండేది. జోర్యా 1972లో, ద్నిప్రో 1983లో, 1988లో చాంపియన్లు కావడం ఆ ఆరోపణకు పూర్తి జవాబు కాదు గాని, ఉక్రెయిన్ ఫుట్‌బాల్ అంటే ఒక్క డైనమో కాదనడానికి సాక్ష్యం.

1986 ఏప్రిల్ 26న కీవ్‌కు ఉత్తరాన వంద కిలోమీటర్ల దూరంలో చెర్నోబిల్ అణు రియాక్టర్ పేలింది. ఆరు రోజుల తర్వాత, మే 2న, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో డైనమో తన రెండో కప్ విన్నర్స్ కప్ ఫైనల్ ఆడింది. ప్రత్యర్థి అట్లెటికో మాడ్రిడ్. తొలి నిమిషాల్లోనే జవారోవ్ గోల్ చేశాడు. 85వ నిమిషంలో జరిగిన దాన్ని ఇప్పటికీ శిక్షణ తరగతుల్లో చూపిస్తారు: ఎడమ నుంచి రాత్స్, అతని నుంచి బెలానోవ్, బెలానోవ్ నుంచి యెవ్తుషెంకో, అక్కడి నుంచి కుడి అంచున పరుగెత్తుకొస్తున్న బ్లోఖిన్. ఒక్కరూ తల తిప్పి చూడలేదు, తర్వాతివాడు ఎక్కడుంటాడో తెలుసు. బ్లోఖిన్ గోల్‌కీపర్ మీదుగా బంతిని లేపాడు. కాసేపటికి యెవ్తుషెంకో మూడోది. లొబనోవ్‌స్కీ చేసిన లెక్కలన్నిటికీ ఆ కొద్ది సెకన్లే ఋజువు. లెక్కలు అందాన్ని చంపుతాయన్న వాదనకు ఇంతకంటే మంచి సమాధానం నేనెక్కడా చూడలేదు. నెల తిరగకుండా అతనికి జాతీయ జట్టునూ అప్పగించారు. మెక్సికో ప్రపంచ కప్‌కు వెళ్లిన 22 మందిలో పదిమందికి పైనే కీవ్ వాళ్లు. హంగరీని 6–0తో చిత్తుచేసి, బెల్జియం చేతిలో అదనపు సమయంలో 4–3తో ఓడారు. ఆ మూడూ బెలానోవ్ గోల్సే. రెండేళ్లకు యూరో ఫైనల్‌లో హాలండ్ చేతిలో 2–0 ఓటమి.

సొంత జెండా

1990లో పదమూడో సోవియట్ టైటిల్ గెలిపించి లొబనోవ్‌స్కీ గల్ఫ్ దేశాలకు వెళ్లిపోయాడు. అప్పటికే జవారోవ్ యువెంటస్‌కు, బ్లోఖిన్ ఆస్ట్రియాకు వెళ్లారు. 1992లో స్వతంత్ర ఉక్రెయిన్ తొలి లీగ్ ఫైనల్‌లో తవ్రియా సింఫెరోపోల్ 1–0తో డైనమోను ఓడించి అందరినీ ఆశ్చర్యపరిచింది. ఆ తర్వాత 1993 నుంచి 2001 దాకా వరుసగా తొమ్మిది టైటిళ్లు డైనమోవే. 1993లో హ్రిహోరీ సుర్కీస్ అధ్యక్షుడయ్యాడు. 2002 నుంచి అతని తమ్ముడు ఇహోర్. కొత్త డబ్బుతోపాటు కొత్త అపకీర్తీ వచ్చింది. 1995లో చాంపియన్స్ లీగ్ మ్యాచ్‌కు ముందు స్పెయిన్ రిఫరీకి ఖరీదైన బొచ్చు కోట్లు ఇవ్వజూపారన్న ఆరోపణపై యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య క్లబ్‌ను పోటీ నుంచి తొలగించింది. నిషేధాన్ని మరుసటి ఏడాది ఎత్తేశారు.

1997 మొదట్లో లొబనోవ్‌స్కీ మూడోసారి వచ్చాడు. బరువెక్కి, బెంచీ మీద ముందుకీ వెనక్కీ ఊగుతూ కూర్చునే మనిషి. అతని చేతిలో షెవ్‌చెంకో, రెబ్రోవ్ జంట. నవంబరు 5న బార్సిలోనాను దాని సొంత మైదానంలో 4–0తో ఓడించారు. మొదటి సగంలోనే షెవ్‌చెంకో హ్యాట్రిక్. 1999లో రియల్ మాడ్రిడ్‌ను దాటి చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ చేరారు. కీవ్‌లో బయర్న్ మీద 3–1 ఆధిక్యాన్ని 3–3 కానిచ్చి, మ్యూనిక్‌లో 0–1తో ఓడిపోయారు. ఆ వేసవి షెవ్‌చెంకో మిలాన్ వెళ్లాడు. డైనమో మళ్లీ ఆ మెట్టు ఎక్కలేదు.

2002 మే 7న జపరీజియాలో మ్యాచ్ జరుగుతుండగా లొబనోవ్‌స్కీకి పక్షవాతం వచ్చింది. మే 13న, సరిగ్గా క్లబ్ 75వ పుట్టినరోజున, చనిపోయాడు. పాత డైనమో స్టేడియానికి అతని పేరు పెట్టారు.

ఆ తర్వాతి కాలం దొనెత్స్క్ క్లబ్ షఖ్తార్‌ది. తూర్పు బొగ్గుగనుల డబ్బు, బ్రెజిల్ ఆటగాళ్లు, రొమేనియా కోచ్ మిర్చా లుచెస్కు. 2009 యూఫా కప్ సెమీఫైనల్‌లో డైనమోను ఓడించే షఖ్తార్ కప్పు గెలిచింది. 2020లో అదే లుచెస్కును డైనమో కోచ్‌గా తెచ్చినప్పుడు అభిమానులు భగ్గుమన్నారు. అతను మొదటి సీజన్‌లోనే లీగ్, కప్ రెండూ తెచ్చిపెట్టాడు.

1941లో ప్రారంభం కావాల్సిన ఆ పెద్ద స్టేడియమే ఒలింపిస్కీ. పెద్ద మ్యాచ్‌లకు వాడిన ఆ మైదానం పూర్వపు లక్ష మందిది కాదు, ఇప్పుడు 70 వేల సీట్లది. 2012 యూరో ఫైనల్, 2018 చాంపియన్స్ లీగ్ ఫైనల్ అక్కడే జరిగాయి.

యుద్ధకాలం

2014 జనవరిలో ప్రభుత్వ వ్యతిరేక ఉద్యమకారులకూ పోలీసులకూ మధ్య ఘోరమైన ఘర్షణలు డైనమో స్టేడియం ప్రధాన ద్వారం ముందే, హ్రుషెవ్‌స్కీ వీధిలో జరిగాయి. టైర్ల పొగ స్టేడియం స్తంభాలను నల్లబార్చింది. ఫిబ్రవరిలో వాలెన్సియాతో జరగాల్సిన మ్యాచ్‌ను సైప్రస్‌కు మార్చారు. ఉద్యమం తర్వాత రష్యా క్రిమియాను లాక్కుంది, తూర్పున యుద్ధం మొదలైంది. షఖ్తార్ ఊరు విడిచి వలసపోయింది.

2022 ఫిబ్రవరిలో పూర్తిస్థాయి దండయాత్రతో లీగ్ ఆగిపోయింది. ఏప్రిల్‌లో డైనమో వార్సా వెళ్లి లెగియాతో సహాయ నిధి మ్యాచ్ ఆడింది. తర్వాత ఇతర యూరప్ నగరాల్లోనూ ఆడింది. ఆగస్టులో ప్రేక్షకులు లేకుండా లీగ్ మళ్లీ మొదలైంది. బాంబుల నుంచి తలదాచుకునే చోటు ఉన్న మైదానాల్లోనే మ్యాచ్‌లు పెట్టారు. సైరన్ మోగితే ఆట ఆపి అందరూ కిందకి దిగాలి, ప్రమాదం తొలగాక అదే నిమిషం నుంచి మళ్లీ ఆడాలి.

యూరప్ పోటీల్లో కీవ్‌కు సొంతగడ్డ లేకుండా పోయింది. 'హోమ్' మ్యాచ్‌లు పోలండ్‌లోని లోద్జ్, క్రాకోవ్, లుబ్లిన్‌లలో, జర్మనీలోని హాంబర్గ్‌లో ఆడారు. 2023 చివర్లో లుచెస్కు తప్పుకోగా ఒలెక్సాందర్ షొవ్‌కోవ్‌స్కీ కోచ్ అయ్యాడు. 1993 నుంచి 2016 దాకా వేరే క్లబ్ ఎరుగని డైనమో గోల్‌కీపర్ అతను, లొబనోవ్‌స్కీ చివరి తరం శిష్యుడు. అతని ఆధ్వర్యంలో 2024–25 సీజన్‌ను 30 మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడకుండా ముగించి డైనమో మళ్లీ చాంపియన్ అయింది.